ఇంకోపట్టీ మేస్త్రీ

లారీ వెనక చక్రాల దగ్గర, ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి, మధ్యలో బిగించిన కట్ట ఒకటి ఉంటుంది. దాన్ని కమాను కట్ట అంటారు. బరువంతా పడేది దాని మీదే, గతుకు తగిలితే ముందు దెబ్బ తినేదీ అదే. విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, నీరసించి చదునైపోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో మళ్ళీ వంపు తెప్పించి, నూనెలో ముంచి గట్టిపరచడం మన మేస్త్రీ పని. నలభై ఏళ్ళుగా అదే పని. ఇంకోటి తెలియదు, తెలుసుకోవాలన్న దురదా లేదు.

ఆయన షెడ్డు పెట్రోలు బంకు వెనక, రేకుల కింద ఉంటుంది. నేలంతా నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతుంటుంది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి పాత బస్సులోంచి ఊడదీసిన సీటొకటి గోడవారగా వేసి ఉంటుంది. బండి ఏదైనా సరే, దాని జబ్బు ఏదైనా సరే, మేస్త్రీ కిందికి దూరి, టార్చి వేసి చూసి, బయటికొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పే మాట ఒకటే.

"ఇంకో పట్టీ వేద్దాం."

రాళ్ళ లారీవాడికీ అదే మందు, కూరగాయల ఆటోవాడికీ అదే మందు. "తలనొప్పిగా ఉందంటే తలకి కూడా ఇంకో పట్టీ వేస్తాడయ్యా ఈయన" అని పక్కనున్న టైర్ల కొట్టాయన వేళాకోళమాడేవాడు. ఆ వేళాకోళమే పేరై కూర్చుంది. ఇంకోపట్టీ మేస్త్రీ ఎక్కడ అంటే ఆ టౌనులో ఎవరైనా చూపిస్తారు. అసలు పేరు చెబితే ఆయనే ఒక క్షణం ఆలోచిస్తాడు. అయితే ఒకటి, ఆయన కట్టిన కట్ట విరిగిందని వెనక్కి వచ్చిన బండి ఇంతవరకు లేదు. ఇది నా పొగడ్త కాదు. పోటీ షెడ్డు పెట్టుకున్నవాళ్ళే గొణుక్కుంటూ ఒప్పుకున్న సంగతి.

భార్య స్కూలు వ్యాను నడుపుతుంది. పందొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఇరవైరెండు మంది పిల్లల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని బడి దగ్గర దింపుతుంది, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తుంది. పిల్లలు ఆవిడని వ్యానమ్మ అంటారు. ఏ మలుపులో ఏ పిల్లకి కడుపులో తిప్పుతుందో, ఏ గతుకు దగ్గర ఎవడి చేతిలో నీళ్ళ సీసా ఒలుకుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ బళ్ళ మీద బతుకే అయినా, ఆయన బళ్ళు వేరు, ఆవిడ బండి వేరు. ఆ తేడా ఎంతటిదో ఈ కథ జరిగేదాకా మేస్త్రీకి తెలియదు.

ఇక అక్క సంగతి. మేస్త్రీకి నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్కకి అప్పటికి పద్నాలుగు. బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుంది. అన్నం పెట్టిందీ ఆవిడే, వీపు పగలగొట్టిందీ ఆవిడే. పుస్తకం తెరిస్తే నిద్రపోయే తమ్ముడు విరిగిన తాళం కప్ప దొరికితే మాత్రం అన్నం మానేసి దాంతోనే కూర్చుంటాడని కనిపెట్టి, ఒకనాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కమాను షెడ్డులో పాత మేస్త్రీకి అప్పగించిందీ ఆవిడే. తమ్ముడు సొంతంగా ఒక కట్ట కట్టేదాకా తన పెళ్ళిమాట ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత కొండ మీద తేనెటీగలు పెంచే ఆయన్ని చేసుకుని పైకి వెళ్ళిపోయింది. పిల్లలు కలగలేదు. "ఉన్న ఒక్కడూ చాలు, వీడితోనే తల ప్రాణం తోకకొచ్చింది" అని తమ్ముణ్ణి చూపించి నవ్వేది. ఆరేళ్ళ కిందట భర్త పోయాక కూడా కిందికి రాలేదు. నలభై తేనెపెట్టెలు, రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు రాతి అరుగు. అవి వదిలి వచ్చేది లేదంది.

ఆ అక్కకి మూత్రపిండాలు చెడిపోయాయి.

వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం, టౌను ఆసుపత్రిలో నాలుగేసి గంటలు పడుకోబెట్టి రక్తం శుభ్రం చేయాలన్నారు. ఎడమ చేతిలో చిన్న ఆపరేషను చేసి, రెండు సూదులు గుచ్చడానికి చోటు తయారు చేశారు. రెండు నెలలు తమ్ముడింట్లోనే ఉంది. ఉండటమంటే ఏదో ఉంది. మరదలి వంటింట్లో డబ్బాలన్నీ మార్చి సర్దింది, మళ్ళీ ఎప్పట్లాగే పెట్టింది. కిటికీలోంచి కొండ వైపు చూసేది. పెట్టెల దగ్గర ఇప్పుడు చీమలు పట్టి ఉంటాయనేది. ఒక పొద్దున సంచి సర్దుకుని వాకిట్లో నిలబడింది.

"నేను ఇంటికి పోతానురా తమ్ముడూ."

"ఇది ఇల్లు కాదా అక్కా?"

"ఇల్లే. నీ ఇల్లు. నాకు నా ఇల్లు కావాలి."

"వారానికి రెండుసార్లు అక్కడినుంచి ఎలా వస్తావు?"

"వస్తే వస్తా. రాలేకపోతే మానేస్తా. సూదులు పొడిపించుకోడానికే అయితే ఈ బతుకెందుకురా?"

మానేస్తే ఏమవుతుందో డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. ఒకసారి తప్పితే ఒంటికి నీరు పడుతుంది. రెండుసార్లు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. ఆ పైన చెప్పకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తారు రోడ్డు అయిపోయిన చోటినుంచి అక్క ఇంటికి పదకొండు కిలోమీటర్లు. దాన్ని దారి అనడం మన మంచితనం. అన్నీ రాళ్ళూ, వానకి కోసుకుపోయిన గాడులూ, సగం దూరంలో ఒక వాగు. అంబులెన్సు తారు దాటి రాదు. షేరు జీపు ఒకటుంది గానీ దానికి లోపలకంటే బయట ఎక్కువమంది వేలాడుతుంటారు. మేస్త్రీ ఒక పూటంతా బస్సు సీటు మీద కూర్చుని గడ్డం గోక్కున్నాడు. లేచాక ఆయన తేల్చింది ఇది: అక్క తన ఇంట్లోనే ఉంటుంది, వారానికి రెండుసార్లు తానే కిందికి తెచ్చి మళ్ళీ ఇంట్లో దింపుతాడు, అందుకు తగిన పికప్పు బండి ఒకటి కొంటాడు.

చూసిన మొదటి బండి నల్లది. ఎత్తుగా, వెడల్పాటి టైర్లతో, నెత్తిన నాలుగు దీపాలతో పెళ్ళికొడుకులా ఉంది. అమ్మేవాడు దాని గొప్పలు చెప్పుకుపోతుంటే మేస్త్రీ జేబులోంచి చిన్న సుత్తి తీసి కిందికి దూరాడు. బండి అడుగు చట్రాన్ని, అదే చాసీని, ఈ చివరినుంచి ఆ చివరికి కొట్టుకుంటూ వెళ్ళాడు. రెండు చోట్ల ఖంగుమనాల్సింది దబ్బుమంది. తుప్పు తిన్న చోట రేకు అతికి, మెత్తి, రంగు కొట్టారు. "మొహానికి పౌడరు రాసి కాళ్ళకి పుళ్ళు దాచారు" అని లేచి దుమ్ము దులుపుకున్నాడు.

రెండోది బూడిదరంగుది. కరెంటు తీగలు లాగేవాళ్ళ దగ్గర తొమ్మిదేళ్ళు కొండల్లో పనిచేసి వచ్చింది. ముందు ఇద్దరికి, వెనక ముగ్గురికి చోటు, ఆ వెనక సామాన్లకి తొట్టి. తలుపుల మీద లెక్కలేనన్ని సొట్టలు. చాసీ మాత్రం చివరంటా ఒక్క తీరుగా మోగింది. నాలుగు చక్రాలూ లాగుతాయి. గేర్లన్నిటి వేగాన్నీ సగానికి తగ్గించి బలం పెంచే చిన్న కడ్డీ ఒకటి విడిగా ఉంది. మేస్త్రీ దాన్ని ఎత్తు మీద పెట్టి, ఆ కడ్డీ వేసి, మొదటి గేరులో రెండు కాళ్ళూ పైకెత్తేశాడు. బండి తనంతట తానే, మనిషి నడిచినంత నెమ్మదిగా, ఎత్తంతా ఎక్కింది. ఆయన మొహం చూడాలి అప్పుడు.

"సీటు మరీ ఎత్తు కాదూ? వదినెలా ఎక్కుతారు?" అంది వ్యానమ్మ.

"ఇంజన్ చూడు, గడియారంలా కొట్టుకుంటోంది" అన్నాడు ఆయన. అడిగినదానికి ఇంజన్ జవాబు చెప్పే ఇంట్లో ఆవిడ చాలా ఏళ్ళుగా కాపురం చేస్తోంది.

పదకొండు రోజులు షెడ్డులోకి వేరే బండి రానివ్వలేదు. వాగులో నీళ్ళు ఇంజన్లోకి పోకుండా గాలి పీల్చే గొట్టాన్ని కప్పు ఎత్తుదాకా తెచ్చి బిగించాడు. రాళ్ళు తగిలినా ఇంజన్ అడుగు పగలకుండా మందపాటి ఇనుప రేకు కింద కట్టాడు. గట్టి పళ్ళున్న మట్టి టైర్లు టైర్ల కొట్టాయనే తెచ్చి వేశాడు. ముందూ వెనకా లాగే కొక్కేలు పెట్టాడు. అక్క పట్టుకోవడానికని ఎడమ తలుపు పైన లావుపాటి పిడి ఒకటి నాలుగు బోల్టులతో బిగించి, దాన్ని పట్టుకుని వేలాడి మరీ చూసుకున్నాడు. ఇక కమాను కట్టల దగ్గరికి వచ్చేసరికి చెప్పేదేముంది? ఉన్న ఆరు పట్టీలకి ఇంకో పట్టీ, దాని పైన ఇంకో పట్టీ. తొట్టినిండా ఇసుక మూటలు వేసుకుని వాగు దాకా వెళ్ళొచ్చాడు. బండి ఊగలేదు, మూలగలేదు.

"ఇది కొండెక్కడమేంటి మేస్త్రీ, కొండే దీని మీదెక్కినా మోస్తుంది" అన్నాడు టైర్ల కొట్టాయన. మేస్త్రీ నవ్వు దాచుకోవడానికి మొహం తుడుచుకున్నాడు.

బండి తయారయ్యేదాకా ఓపిక పట్టి తమ్ముడింట్లోనే ఉన్న అక్కని, ఆ బుధవారం ఆసుపత్రిలో నాలుగు గంటలయ్యాక బండి దగ్గరికి తీసుకొచ్చారు. రక్తం శుభ్రం చేశాక మనిషి పిండిన గుడ్డలా అయిపోతుంది. పైనుంచి మేస్త్రీ లాగితే, కిందనుంచి వ్యానమ్మ తోస్తే, ఎలాగో సీట్లో పడింది. "ఒరేయ్, ఈ బండెక్కడానికి ఇంకో బండి కావాలేమోరా" అని నవ్వింది కూడా. సాయంత్రం పిల్లల్ని తీసుకురావాల్సిన వేళ కావడంతో వ్యానమ్మ వాళ్ళతో వెళ్ళలేకపోయింది.

దారంతా మేస్త్రీ నోరు మూయలేదు. చూశావా ఆ రాయి ఎలా దాటిందో, చూశావా ఆ గాడి ఎలా ఎక్కిందో, ఇంకో బండయితే ఇక్కడే కూలబడేది. అక్క ఉలుకూ పలుకూ లేదు. బండి గొప్పతనానికి నోట మాట రావడం లేదనుకున్నాడు పిచ్చి మేస్త్రీ. ఇంటి ముందు దింపితే అరుగు మీద కూర్చుని, చాలాసేపు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉండిపోయింది. మంచినీళ్ళు తాగాక అంది.

"బండి బాగుందిరా తమ్ముడూ. గట్టి బండి. ఇంక నా కోసం తీసుకురాకు."

మర్యాదకి అందేమో, తనకి శ్రమని అందేమో అనుకున్నాడు. శనివారం తెల్లారగానే వెళ్ళాడు. అక్క తేనెపెట్టెల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది. రానంది. బతిమాలాడు, రానంది. కోప్పడ్డాడు. "చెప్పానుగా" అంది, పెట్టె మూత సర్దుతూ. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండి అక్క ముందు ఆ రాజెంత, ఈ మొండివాడెంత. ఖాళీ బండితో వెనక్కి వచ్చాడు. ఒకసారి తప్పిపోయింది. బుధవారం కూడా తప్పితే ఏమవుతుందో ఆయనకి తెలుసు, అక్కకీ తెలుసు. అదే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"చావాలని ఉంటే నేనేం చేసేది? మంచి బండి చేసిపెట్టా. రాయిలాంటి బండి." ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే అరిచాడు. కాసేపటికి చల్లబడి, తనలో తానే అన్నట్టు అన్నాడు. "ఒకవేళ వెనక కాస్త ఊగుతోందేమో. ఇంకో పట్టీ వేసి చూస్తా."

వ్యానమ్మ ఆయన వంక చూసింది. పందొమ్మిదేళ్ళు పరాయి పిల్లల అల్లరి భరించిన మనిషి కాబట్టి ఊరుకుంది.

మర్నాడు ఆదివారం, బడి లేదు. టీ తాగి గ్లాసు కింద పెడుతుండగానే ఆవిడ బండి తాళాలు చేతిలోకి తీసుకుంది.

"పదండి. కొండ మీదికి. నేను నడుపుతా."

"నువ్వా? ఆ దారి నీకు..."

"స్కూలు వ్యాను నడిపేదాన్ని, నాకు దారి నేర్పకండి. అటు ఎక్కండి, వదిన సీట్లో."

ఆయన ఎక్కాక, ఒక తువ్వాలు తీసి ఆయన ఎడమ చేతిని ఛాతీకి ఆనించి కట్టేసింది.

"ఇదేంటే?"

"వదినకి సూదులు పొడిచేది ఏ చేతికండీ?"

"ఎడమ చేతికి."

"ఆ చేత్తో బరువు పట్టొచ్చా? వేలాడొచ్చా? దెబ్బ తగలనివ్వొచ్చా?"

మేస్త్రీ నెత్తి మీదున్న పిడి వైపు చూశాడు. ఎడమ తలుపు పైన, నాలుగు బోల్టులతో, వేలాడి మరీ పరీక్షించిన పిడి.

తారు రోడ్డు అయిపోయింది. నడిపేవాడికి గతుకు ముందే తెలుస్తుంది. కళ్ళు చూస్తాయి, చేతులు చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, ఒళ్ళు తనకి తెలియకుండానే బిగుసుకుంటుంది. పక్కన కూర్చున్నవాడికి అవేవీ ఉండవు. మొదటి రాయికే మేస్త్రీ తల కప్పుకి కొట్టుకుంది. రెండోదానికి నాలిక కరుచుకున్నాడు. ఎనిమిది పట్టీలు, మీద బరువు లేదు, కింద గాలి నిండా కొట్టిన టైర్లు. ప్రతి రాయినీ బండి ఉన్నదున్నట్టు తెచ్చి ఆయన వెన్నులో పెడుతోంది. చెయ్యెత్తి పిడి పట్టుకోబోతే తువ్వాలు ఆపుతోంది. కుడి పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. కట్టిన చెయ్యి తలుపుకేసి కొట్టుకోకుండా ఒళ్ళంతా వంకరగా తిప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది. అక్క కూడా అలాగే వంకరగా కూర్చోవడం తనకి అప్పుడు జ్ఞాపకమొచ్చింది. ఆ కిటికీలోంచి కొండ చూస్తోందనుకున్నాడు ఆ రోజు.

"ఆపవే."

"ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది."

"ఆపమన్నానా!"

"వదిన ఆపమన్నారా?"

నాలుగో కిలోమీటరు దగ్గర ఆపింది. ఆయన దిగి, దారి పక్క బండరాయి మీద కూర్చుని ఏడ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఒక చెయ్యి ఛాతీకి కట్టి ఉండగా, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. తాను కాకి కూడా కాడు, ఆ పుండు పెట్టినవాడే తానని ఆయనకి తెలిసింది.

వ్యానమ్మ ఊరడించలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా తువ్వాలు విప్పి, బిగుసుకుపోయిన మణికట్టు రుద్దింది.

"మీ బళ్ళలో ఎప్పుడూ రాళ్ళే ఎక్కాయండీ, మనుషులెక్కలేదు. రాయి నోరెత్తదు."

"అక్కకి నోరుందిగా. చెప్పొచ్చుగా నాకు. ఒక్క మాట చెప్పొచ్చుగా."

"మీరు చేసిన బండి కదండీ. పదకొండు రోజులు అన్నం కూడా షెడ్డులోనే తిని చేశారు. బాగాలేదని మీ మొహం మీద చెప్పగలదా ఆవిడ? అంతకంటే చావడం తేలికనుకుంది."

అది నిజమని ఆయనకి తెలుసు. చిన్నప్పుడు తాను వేసిన వంకర బొమ్మలన్నీ గోడకి అంటించిన అక్క అది. తమ్ముడు చేసింది బాగాలేదని ఆ నోటివెంట ఏనాడూ రాలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఆయన ఆ సీట్లోనే కూర్చున్నాడు.

సోమవారం పొద్దున బండిని లేపి కట్టలు దించాడు. తాను వేసిన రెండు పట్టీలూ తీసేశాడు. వ్యానమ్మ పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చి, ఎడమ చెయ్యి కట్టుకుని సీట్లో కూర్చుంది. షెడ్డు వెనక రాళ్ళగుట్ట మీదుగా ఒక చుట్టు తిప్పాడు.

"ఇంకోటి తీయండి."

"ఏంటి, ఉన్నవాటిలోంచా?"

"ఇంకోటి తీయండి."

వేసే చేయి గాని తీసే చేయి కాదు ఆయనది. ఆరో పట్టీని నేల మీద పెట్టేముందు రెండుసార్లు గుడ్డతో తుడిచాడు. మళ్ళీ తిప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాలుగు మిగిలాయి. వాటి కొసలు కొలిమిలో కాల్చి పలచగా సాగదీసి, ఒకదాని మీద ఒకటి జారేలా నున్నగా రుద్ది, మధ్యన గ్రీజు పట్టించాడు. ఇంత సన్నని పని నేర్పినప్పుడు పాత మేస్త్రీ "ఇది కార్లవాళ్ళ పని, నీకెందుకులే" అన్నాడట. నలభై ఏళ్ళ తర్వాత చేతులు దాన్ని వెతుక్కుని మరీ చేశాయి. పట్టీలు తగ్గేసరికి బండి కూడా నాలుగు వేళ్ళు కిందికి దిగింది. తలుపు కింద మడత మెట్టు పెట్టాడు. ఎడమ వైపు పిడి ఊడదీసి, రెండు సీట్ల మధ్య నేలనుంచి ఒక కడ్డీ లేపి, కుడి చేతికి అందేలా వంచి, దానికి సైకిలు ట్యూబు చుట్టి, ఆ పైన వ్యానమ్మ మెత్తటి గుడ్డ కుట్టింది. టైర్లలో గాలి తారు రోడ్డు అయిపోయిన చోట సగానికి దించాలని, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ కొట్టుకోవాలని, బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రం టైర్ల కొట్టాయన ఇచ్చాడు. ఆయన వంగి కట్టల వైపు చూసి నోరు తెరిచాడు.

"మేస్త్రీ, ఇప్పుడు దీంట్లో ఇసుక వేస్తే కూలబడిపోతుంది."

"వేయను" అన్నాడు మేస్త్రీ.

బుధవారం పొద్దున వ్యాను ఇంకొకరికి అప్పగించి ఆవిడ కూడా బయల్దేరింది. వెళ్ళేసరికి అక్క అరుగు మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడటం లేదట, రెండు రాత్రులు కూర్చునే ఉందట. అయినా మొండితనం ఏమాత్రం తగ్గలేదు. బండిని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

మేస్త్రీ ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు గానీ ఒక్కటీ గుర్తు లేదు.

"అక్కా, ఆదివారం నేను నీ సీట్లో కూర్చుని వచ్చా. ఎడమ చెయ్యి కట్టుకుని. నాలుగు కిలోమీటర్లు కూడా రాలేకపోయా."

అక్క ఇటు తిరిగి చూసింది.

"నీకసలే నడుం నొప్పి కదరా. ఎందుకు కూర్చున్నావు అందులో?"

మేస్త్రీ తల వంచుకుని ఆ ఉబ్బిన పాదాల మీద చెయ్యి వేశాడు.

"నాలుగు పట్టీలు తీసేశా అక్కా. వాగు దాకా రా. అంతే. అక్కడ ఆపి అడుగుతా. బాగాలేదని నువ్వంటే అక్కడినుంచే తిప్పి ఇంటికి తెచ్చేస్తా. మళ్ళీ ఎప్పుడూ అడగను."

"నిజంగా తిప్పుతావా? నా మొహం చూసి ఏడవకుండా?"

"తిప్పుతా."

"నువ్వు సాక్ష్యం మరదలా" అంది అక్క.

"అలాగే వదినా. తిప్పకపోతే నేనే చక్రం లాక్కుని తిప్పుతా."

మడత మెట్టు మీద కాలు పెట్టి, కుడి చేత్తో కడ్డీ పట్టుకుని, ఎవరూ తోయకుండా అక్క ఎక్కింది. వ్యానమ్మ వెనక సీట్లో కూర్చుంది. మేస్త్రీ గేర్ల పక్కనున్న చిన్న కడ్డీ వేసి, మొదటి గేరులో వదిలాడు. ఈసారి ఒక్క మాట మాట్లాడలేదు. ఏ రాయినీ గెలవాలని చూడలేదు, వీలున్న చోట పక్కనుంచి పోయాడు, లేని చోట ముందు చక్రం దాని మీద పెట్టి, ఆగి, నెమ్మదిగా దించాడు. బండి పడవలా ఊగింది, అంతేగాని ఎగరలేదు. పక్కకి చూడాలంటే భయమేసింది. అక్క మొహంలో నొప్పి కనబడితే ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకుంటే అక్క ఉండదు. ఆ భయంతో చేతులు చెమటలు పట్టి చక్రం మీద జారుతుంటే ప్యాంటుకి తుడుచుకుంటూ నడిపాడు.

వాగు వచ్చింది. నీళ్ళకి నాలుగడుగుల ముందు ఆపాడు.

"అక్కా." హ్యాండ్ బ్రేకు లాగాడు. మళ్ళీ అన్నాడు. "అక్కా, వాగు. తిప్పనా?"

జవాబు లేదు. పక్కకి తిరిగాడు. వెనకనుంచి వ్యానమ్మ ముందుకి వంగి, నోటి మీద వేలు పెట్టుకుని కళ్ళతోనే చూపించింది.

అక్క నిద్రపోతోంది. తల కిటికీ వైపు వాలి, నోరు కొంచెం తెరుచుకుని, రెండు రాత్రుల నిద్ర ఒక్కసారిగా పోతోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. కుడి చెయ్యి ఎప్పుడు వదిలేసిందో, కడ్డీ నుంచి జారి సీటు మీద అరచేయి పైకి పెట్టి పడి ఉంది.

మేస్త్రీ ఆ చేతి వైపు చూశాడు. తర్వాత ఇంజన్ చప్పుడు పెరగకుండా, చిన్నపిల్ల నిద్రపోయే ఉయ్యాల పక్కనుంచి నడిచినట్టు వాగు దాటించాడు. తారు రోడ్డు దగ్గర ఆగి టైర్లలో గాలి కొట్టాల్సి వచ్చింది. ఆ యంత్రం మోతకి చెవులు చిల్లులు పడతాయి. దానికీ అక్క లేవలేదు. టౌనులోకి వచ్చారు, లారీలు హారన్లు కొట్టాయి, లేవలేదు. ఆసుపత్రి ముందు ఇంజన్ ఆపగానే, ఆ నిశ్శబ్దానికి కళ్ళు తెరిచింది. ఎక్కడున్నదీ తెలియక రెండు క్షణాలు ఇటూ అటూ చూసింది.

"వాగు వచ్చిందిరా?"

మేస్త్రీ కళ్ళనీళ్ళు గడ్డం మీదికి కారుతుంటే అలాగే చక్రం పట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడో వచ్చింది వదినా. దాటి గంటైంది" అంది వ్యానమ్మ.

అక్క ఆసుపత్రి మెట్ల వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. "మరి లేపవేరా" అని కసిరి, కుడి చేత్తో కడ్డీ పట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి తనే దిగింది.